సౌర వేడినీటి ట్యాంకులో వేడి చాలకపోతే: సమస్యలు, పరిష్కారాలు

పగటి ఎండతో కాచిన నీటిని పెద్ద ట్యాంకులో నిల్వచేసి, సాయంత్రం బాయిలర్‌కో, క్యాన్లు కడగడానికో వాడుకునే డెయిరీల్లో వేడి చాలనప్పుడు, వెంటనే మరికొన్ని కలెక్టర్లు (ఎండ వేడిని పట్టి నీటికి అందించే పలకలు) పెట్టాలనే ఆలోచన వస్తుంది. ఆ ఖర్చుకు ముందు ఈ పరీక్షలు తప్పక చేయాలి.

సమస్య: వాడకం మొదలైన కాసేపటికే నీరు గోరువెచ్చగా వస్తోంది.

కారణం: 10,000 లీటర్ల ట్యాంకులో పై సగం 90 డిగ్రీలు, కింది సగం 40 డిగ్రీలు ఉంటే, 80 డిగ్రీలు కావలసిన పనికి 5,000 లీటర్లు సిద్ధంగా ఉన్నట్టే. అవే నీళ్లు కలిసిపోయి అంతటా 65 డిగ్రీలైతే, మొత్తం వేడి ఏమాత్రం తగ్గకపోయినా, ఆ పనికి ఒక్క లీటరూ పనికిరాదు. ట్యాంకు పై, మధ్య, అడుగు భాగాల్లోని ఉష్ణోగ్రత సెన్సర్లు మూడూ దాదాపు ఒకే అంకె చూపిస్తుంటే, సన్నని పైపులోంచి వేగంగా వచ్చే చల్లనీరు, పైన వేడిగా, కింద చల్లగా నిలిచే నీటి పొరలను చెదరగొడుతోందని అనుమానించాలి. మూడు సెన్సర్లు లేని ట్యాంకులో ఈ లోపాన్ని పట్టుకోవడం కష్టం కనుక, ముందు వాటిని అమర్చుకోవడమే మేలు.

పరిష్కారం: చల్లనీటిని అడుగున, రంధ్రాలున్న వెడల్పాటి అడ్డపైపు ద్వారా నెమ్మదిగా వదలాలి, వేడినీటిని పైభాగం నుంచే తీసుకోవాలి, పంపు వేగం అవసరానికి మించి ఉంటే తగ్గించాలి.

సమస్య: రాత్రి వాడకపోయినా తెల్లవారేసరికి నీరు బాగా చల్లబడుతోంది.

కారణం, పరిష్కారం: కలెక్టర్లు కప్పు మీద, ట్యాంకు కింద ఉన్నచోట, పంపు ఆగాక వేడినీరు దానంతటదే పైకెక్కి, కలెక్టర్లలో చల్లారి కిందికి దిగుతుంది. పొద్దుగూకిన రెండు మూడు గంటల తర్వాత కలెక్టర్ దగ్గరి పైపు ఉష్ణోగ్రతను చూడండి. చేత్తో మాత్రం తాకవద్దు. అది ఇంకా వేడిగా ఉంటే నాన్ రిటర్న్ వాల్వ్ (నీటిని ఒకవైపే పోనిచ్చే కవాటం) సరిగా మూసుకోవడం లేదని అర్థం. చాలాసార్లు అందులో ఇరుక్కున్న గార (నీటిలోని లవణాలు గట్టిపడి ఏర్పడే పొర) పెచ్చే కారణమవుతుంది, కనుక శుభ్రం చేసి చూసి, ఆ తర్వాతే మార్చండి. పైపు చల్లగానే ఉంటే, ట్యాంకు పైరేకు అతుకుల్లోంచి వాన నీరు దిగి, వేడి పోకుండా దాని కింద చుట్టిన గ్లాస్ ఊల్ తడిసిందేమో విప్పి చూడాలి. రేకు కింద తడిసిన ఊల్ తొందరగా ఆరదు. ఆ భాగాన్ని తీసి కొత్తది వేసి, అతుకులను సీలెంట్‌తో మూయాలి.

సమస్య: కలెక్టర్ మండిపోతున్నా ట్యాంకు వేడెక్కడం లేదు.

కారణం, పరిష్కారం: పంపు సరిగా నడుస్తుంటే, బోరు నీటి గార, కలెక్టర్ల వేడిని ట్యాంకు నీటికి అందించే హీట్ ఎక్స్చేంజర్ ప్లేట్లకు పట్టి ఉంటుంది. తయారీదారు సూచించిన ద్రావణంతో దాన్ని కడిగించాలి. నీటి కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టకపోతే మాత్రం గార మళ్లీ పడుతుంది.