బల్లార్షా ఎండలకు ఫ్యాన్: ఏది కొనాలి, ఏ పూట ఎలా తిప్పాలి

మహారాష్ట్రలోని బల్లార్షాలో నాకు ఫ్యాన్ల రిపేరు దుకాణం ఉంది. మార్చి వచ్చిందంటే వైండింగు కాలినవి, బేరింగు అరిగినవి వరస కడతాయి. వాటితో పాటే "గాలైతే వస్తోంది గానీ చల్లగా లేదు" అంటూ ఏ జబ్బూ లేని ఫ్యాన్లను కూడా దింపుకుని తెస్తారు. అలాంటివాళ్లకు రోజూ చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను.

ఫ్యాన్ గదిని చల్లబరచదు. ఒంటిమీది చెమటను ఆరబెడుతుంది, చెమట ఆరేటప్పుడు ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. అందుకే మనిషి లేని గదిలో ఫ్యాన్ తిరిగితే కరెంటు ఖర్చే తప్ప ఫలితం లేదు. గది దాటగానే బంద్ చేయండి.

చంద్రపూర్ జిల్లాలో మనకు ఇంకో చిక్కు ఉంది. మే నెలలో 45, 46 డిగ్రీలు ఇక్కడ మామూలే. మన చర్మం వేడి 35 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. గాలి అంతకంటే బాగా వేడెక్కాక ఫ్యాన్ మన మీదికి తోసేది వడగాలినే. 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ వాడొద్దని, అది ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముసలివాళ్లకు చెమట తక్కువ పడుతుంది కాబట్టి వాళ్లకు ముప్పు ఎక్కువ. మా గల్లీలో రేకుల ఇంట్లో ఉండే అవ్వకు నేను పదేపదే చెప్పేది ఇదే: "అవ్వా, మధ్యాహ్నం ఉత్త ఫ్యాన్ కింద పడుకోకు. తువ్వాల తడిపి మెడ మీద, చేతుల మీద వేసుకో. ఆరితే మళ్లీ తడుపు. ఎండ తగ్గేదాకా మా ఇంట్లో కూలర్ దగ్గర కూర్చో." మన దగ్గర వేసవి గాలి బాగా పొడిగా ఉంటుంది, తడిగుడ్డ చూస్తుండగానే ఆరిపోతుంది. దానివల్లే చలవ. మాట తడబడినా, తెలివి తప్పుతున్నట్టున్నా, ఒళ్లు కాలిపోతున్నా మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బొగ్గు గనిలో రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయేవాళ్ల విషయంలో ఇంట్లోవాళ్లు ఇంకా జాగ్రత్త పడాలి. వాళ్ల మంచం పడమటి గోడ పక్కన వద్దు. ఎండ తగలని గది ఇవ్వండి. పొద్దున తొమ్మిదికల్లా ఆ గది కిటికీలు మూసి, కర్టెన్లు వేసేయండి.

సాయంత్రం సంగతి వేరు. గుమ్మం బయట నిలబడి చూడండి. లోపలికంటే బయటే హాయిగా ఉందనిపిస్తే కిటికీలన్నీ తెరవండి. ఒక కిటికీ దగ్గర టేబుల్ ఫ్యాన్‌ను బయటి వైపు తిప్పి పెట్టండి. అది లోపలి వేడిని బయటికి తోస్తుంటే, అవతలి కిటికీలోంచి చల్లగాలి దానంతటదే లోపలికి వస్తుంది. గంటో రెండు గంటలో అయ్యాక ఫ్యాన్‌ను మంచం వైపు తిప్పుకోండి.

స్లాబు కింది గదుల్లో, ముఖ్యంగా పై అంతస్తులో, సీలింగ్ ఫ్యాన్ రాత్రిపూట కూడా వేడిగాలే కొడుతుంది. పగలంతా కాగిన స్లాబు కిందనున్న గాలిని అది మన మీదికి దింపుతుంది. అక్కడ మంచం ఎత్తులో పెట్టే స్టాండు ఫ్యాన్ మేలు. ఎండాకాలం రాకముందే డాబా మీద తెల్లసున్నం కొట్టించుకుంటే, సగం బాధ పైనే ఆగిపోతుంది.

ఇక కొనేటప్పుడు. పదడుగుల నుంచి పన్నెండడుగుల గదికి 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్, అంటే 48 అంగుళాలది, సరిపోతుంది. చిన్న గదికి 900 చాలు. పొడవాటి హాలుకు ఒకే పెద్ద ఫ్యాన్ కంటే రెండు మామూలువి వేయించండి. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. నక్షత్రాలతో పాటు నిమిషానికి ఎన్ని ఘనమీటర్ల గాలి ఇస్తుందో కూడా చూడండి. 1200 ఫ్యాన్‌కు 210కి తగ్గకూడదు.

పాత రకం ఫ్యాన్ 75 వాట్ల దాకా తింటుంది, బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే కొత్త రకానికి, 30 వాట్ల చుట్టూ చాలు. రోజుకు 12 గంటల లెక్కన నెలకు మొదటిది 27 యూనిట్లు, రెండోది 11 యూనిట్లు. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో బీఎల్‌డీసీనే కొనమంటాను, కరెంటు పోయిన రాత్రి బ్యాటరీ చాలాసేపు వస్తుంది. అయితే దీన్ని గోడమీది పాత రెగ్యులేటర్ గుండా నడపకూడదు, రెగ్యులేటర్ తీసేసి వైరు నేరుగా కలపాలి.

బిగింపులో నేను మొదట చూసేది పైన కొక్కెం దగ్గర. బోల్టుకు నట్టు ఉంటే చాలదు, నట్టు ఊడకుండా అడ్డంగా చీలిక పిన్ను దూర్చి, దాని రెండు కాళ్లూ వంచి ఉండాలి. లోపలి రబ్బరు బుష్ పగిలిందేమో కూడా చూడాలి. చాలా ఇళ్లలో ఆ పిన్నే ఉండదు. దాని కిందే పిల్లలు పడుకుంటారు! ఏటా ఒకసారి మెయిన్ ఆపించి దీన్ని చూపించుకోండి. రెక్కలు నేలకు ఎనిమిదడుగుల ఎత్తులో, స్లాబుకు అడుగైనా దిగువన ఉండాలి.

మూడు రెక్కలూ ఒకే బరువుతో జత చేసి వస్తాయి. రెండు ఫ్యాన్లు కలిపి కడిగితే రెక్కలు కలిసిపోకుండా గుర్తు పెట్టుకోండి, లేకపోతే ఫ్యాన్ ఊగుతుంది. స్పీడు తగ్గితే ముందు కండెన్సర్ మార్పించండి. ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, పాతదాని మీదున్న అంకె చూసి అదే వేయించండి. స్పీడు కోసం పెద్దది వేయమని కొందరు పట్టుబడతారు, నేను వేయను. వైండింగు వేడెక్కి కాలిపోతుంది.

నౌతపా రోజుల్లో, మన రోహిణి కార్తెలో, ఫ్యాన్ పని కూలరే చేయాలి. కూలర్‌ను కిటికీకి బయట పెట్టి, ఎదుటి కిటికీ కొంచెం తెరిచి ఉంచండి. తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే గది ఉక్కపోస్తుంది. జూన్‌లో వానలు పడ్డాక కూలర్ పంపు ఆపేయండి, గాలిలో తేమ పెరిగాక నీళ్లు ఆరవు, అప్పుడు మళ్లీ ఫ్యాన్‌దే పని. ట్యాంకు వారానికోసారి ఖాళీ చేసి గోడలు తోమి ఆరబెట్టండి. డెంగీ దోమ గుడ్లు ఆ గోడలకే అంటుకుని ఉంటాయి, నీళ్లు పారబోసినంత మాత్రాన పోవు.