వర్చువల్ మెషీన్‌లో డిస్క్ నిండిపోతే పార్టిషన్ పెంచుకోవడం ఎలా?

ఒంగోలు, కావలి, నెల్లూరు కాలేజీల్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలు చాలామంది విండోస్ ల్యాప్‌టాప్‌లోనే వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోపలే మరో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని ఉబుంటు (లినక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) నేర్చుకుంటారు. మొదట్లో 20 జీబీ ఇచ్చి సరిపెడతారు. డేటాబేస్, ప్రాజెక్టు ఫైళ్లు చేరేసరికి అది నిండిపోతుంది. అంతమాత్రాన అంతా చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు.

డిస్క్ పెంచడం వేరు, పార్టిషన్ (డిస్కులో విడగొట్టిన భాగం) పెంచడం వేరు. పక్క చేను కొన్నా, మధ్యలో గట్టు తీయందే మన మడి పెద్దదవదు కదా! చాలామంది డిస్క్ సైజు మార్చేసి, ఉబుంటులో పాత లెక్కే కనిపిస్తోందని టెన్షన్ పడేది ఇందుకే.

వర్చువల్ మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేయండి, సేవ్ స్టేట్‌లో (ఉన్నది ఉన్నట్టు ఆపి ఉంచడం) ఉంచొద్దు. దాని వీడీఐ ఫైలును (వర్చువల్ డిస్కు అంతా ఉండే ఫైలు) వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఈ పని మాత్రం మానొద్దు. స్నాప్‌షాట్లు (మెషీన్ పాత స్థితిని దాచుకున్నవి) ఉంటే వర్చువల్‌బాక్స్‌లోనే డిలీట్ చేయండి. మీ పని పోదు, మార్పులన్నీ అసలు డిస్కులో కలుస్తాయి. పాత స్థితికి వెనక్కి వెళ్లే వీలు మాత్రం ఉండదు.

తర్వాత వర్చువల్ మీడియా మేనేజర్‌లో ఆ డిస్కును ఎంచుకుని సైజు 40 జీబీకి జరిపి 'అప్లై' నొక్కండి. ఇక్కడ పెంచడమే కానీ తగ్గించడం కుదరదు, కాబట్టి చూసుకుని ఇవ్వండి.

ఇప్పుడు జీపార్టెడ్ (పార్టిషన్లను మార్చే సాఫ్ట్‌వేర్) లైవ్ ఐఎస్‌ఓను, అంటే సీడీలా వాడే ఫైలును డౌన్‌లోడ్ చేసి, మెషీన్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్‌లో సీడీ డ్రైవ్‌కు తగిలించి బూట్ చేయండి. కొత్త జాగా చివర్లో 'అన్ఎలొకేటెడ్' అని కనిపిస్తుంది. అది మీ ఉబుంటు పార్టిషన్‌కు ఆనుకునే ఉంటే, రైట్‌క్లిక్, 'రీసైజ్', అంచును కుడివైపు చివరిదాకా లాగడం, అంతే. పాత ఉబుంటుల్లో చిక్కు ఎక్కడంటే, మధ్యలో ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ (లోపల వేరే పార్టిషన్లను ఉంచుకునేది), దానిలోపల స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే జాగా) అడ్డుంటాయి. స్వాప్ పక్కన తాళంచెవి బొమ్మ ఉంటే ముందు 'స్వాప్ఆఫ్' చేయండి. ఎక్స్‌టెండెడ్‌ను కుడి చివరిదాకా పెంచండి. స్వాప్‌ను ఆ చివరికి జరపండి. ఆపైన ఎక్స్‌టెండెడ్ ఎడమ అంచును స్వాప్ దాకా నెట్టండి. ఖాళీ జాగా ఉబుంటు పక్కకు వచ్చేస్తుంది, ఇక పెంచుకోవచ్చు.

పైన ఉన్న 'అప్లై' నొక్కేదాకా డిస్కులో ఏదీ మారదు. నొక్కాక మాత్రం మధ్యలో ఆగకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాల్లో వానలకు, తుపాన్లకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఉంచి, ఛార్జర్ పెట్టే మొదలుపెట్టండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా చేయొద్దు.

మెషీన్‌లో ఉన్నది విండోస్ అయితే, సీ డ్రైవ్ పక్కనే రికవరీ పార్టిషన్ (విండోస్ రిపేరుకు ఉంచుకునే భాగం) అడ్డుపడి 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్' పనిచేయకపోవచ్చు. అదీ జీపార్టెడ్‌తోనే చివరికి జరిపితే సరి.

పని అయ్యాక ఐఎస్‌ఓ తీసేసి మామూలుగా బూట్ చేయండి. ఉబుంటులో 'డిస్క్స్' తెరిస్తే కొత్త సైజు కనిపిస్తుంది. కొన్నాళ్లు వాడి, ఫైళ్లన్నీ బాగానే ఉన్నాయనుకున్నాకే ఆ వీడీఐ కాపీని తీసేయండి.