ఓడూ రిపోర్టులకు స్టాండ్‌బై: మధ్యలో ఆగిపోయే క్వెరీలను సరిచేసిన తీరు

వ్యాపార లెక్కల సాఫ్ట్‌వేర్ ఓడూ నడిచేది పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద. నెలాఖరు స్టాక్, జీఎస్టీ రిపోర్టులు మెయిన్ సర్వర్ మీదే తీస్తే బిల్లింగ్ నత్తనడక నడుస్తుంది. అందుకే రెండో మెషీన్‌లో స్టాండ్‌బై పెట్టాను, అంటే మెయిన్‌లోని మార్పులను ఎప్పటికప్పుడు అందుకునే, చదవడానికి మాత్రమే పనికొచ్చే నకలు. రెండు చోట్లా పోస్ట్‌గ్రెస్ ప్రధాన వెర్షన్ ఒకటే ఉండాలి. మెయిన్‌లో రెప్లికేషన్ (నకలు తీసుకునే) హక్కున్న యూజర్‌ను సృష్టించి, ఎవరు కనెక్ట్ కావచ్చో చెప్పే పీజీ_హెచ్‌బీఏ ఫైల్లో స్టాండ్‌బై ఐపీకి అనుమతివ్వాలి. మొదటి నకలు తీసే పీజీ_బేస్‌బ్యాకప్‌ను క్యాపిటల్ ఆర్ ఆప్షన్‌తో నడిపితే కనెక్షన్ వివరాలు అదే రాసుకుంటుంది. మ్యాక్స్_కనెక్షన్స్ (కనెక్షన్ల పరిమితి) మెయిన్‌కన్నా స్టాండ్‌బైలో తక్కువుంటే అది లేవనే లేవదు.

అసలు చిక్కు ఆ తర్వాతే. పెద్ద రిపోర్టులు రికవరీతో (మెయిన్ మార్పులను ఇక్కడ అమలు చేసే పనితో) ఘర్షణ అనే ఎర్రర్‌తో రద్దయ్యేవి. మెయిన్‌లో వాక్యూమ్ అనే శుభ్రపరిచే పని తుడిచేసిన పాత వరుసలు ఇక్కడి క్వెరీకి ఇంకా కావాలి. స్టాండ్‌బై 30 సెకన్లు చూసి క్వెరీని ఆపేస్తుంది. ఆ 30 సెకన్లు ఒక్కో క్వెరీకి కాదు, వచ్చిన వాల్‌ను (మెయిన్ రాసే మార్పుల చిట్టాను) అమలు చేయడంలో జరిగే మొత్తం ఆలస్యానికి. అందుకే అప్పుడే మొదలైన క్వెరీ కూడా పోవచ్చు. స్టాండ్‌బైలో ఈ గడువును నిర్ణయించే మ్యాక్స్_స్టాండ్‌బై_స్ట్రీమింగ్_డిలేను 15 నిమిషాలు చేసి రీలోడ్ చేస్తే రద్దులు ఆగాయి. నెలాఖరు రిపోర్టు 15 నిమిషాలు వెనకబడితే కొంపేమీ మునగదు. ఏ వరుసలు ఇంకా కావాలో మెయిన్‌కు చెప్పే హాట్_స్టాండ్‌బై_ఫీడ్‌బ్యాక్ ఆన్ చేసినా పనవుతుంది గానీ, మెయిన్‌లో చచ్చిన వరుసలు పేరుకుపోతాయి, నేనైతే వద్దంటాను.

రెప్లికేషన్ స్లాట్ (స్టాండ్‌బై అందుకునేదాకా వాల్ ఫైళ్లను మెయిన్‌లో ఉంచే ఏర్పాటు) వాడితే, ఆ ఫైళ్లకు హద్దు పెట్టే మ్యాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్ తప్పక పెట్టండి. పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి ఉంది, డీఫాల్ట్‌గా హద్దు లేదు. స్టాండ్‌బై ఆగిపోతే వాల్ ఫైళ్లు మెయిన్ డిస్క్‌ను నింపేస్తాయి.

స్టాండ్‌బైలో టెంపరరీ టేబుళ్లు కుదరవు. రిపోర్టు యూజర్‌ను కూడా మెయిన్‌లోనే సృష్టించాలి.