హోస్టింగ్ కంపెనీ మారే ముందు జాగ్రత్తలు

సైట్ పడిపోయి, దాన్ని తన సర్వర్‌లో ఉంచే హోస్టింగ్ కంపెనీకి టికెట్ (ఫిర్యాదు) పెడితే, రోజుల తరబడి అదే రెడీమేడ్ జవాబు వస్తోందా? మారిపోండి. కానీ ముందు ఇవి చూసుకోండి.

• పాత కంపెనీకి చెప్పకముందే ఫైళ్లు, డేటాబేస్ రెండూ మీ కంప్యూటర్‌లోకి దించుకోండి. వాళ్ల సర్వర్‌లోని బ్యాకప్‌ను నమ్మకండి, అకౌంట్ ఆగితే అదీ అందదు. దించిన కాపీతో సైట్ నిజంగా తెరుచుకుంటోందో పరీక్షించండి.

• డొమైన్ (సైట్ చిరునామా) మీ పేరు, మీ ఈమెయిల్ మీదే ఉందా? నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

• డీఎన్ఎస్‌లో (సైట్ పేరును సర్వర్‌కు కలిపే వ్యవస్థ) టీటీఎల్, అంటే పాత సర్వర్ వివరాన్ని ఇతర కంప్యూటర్లు గుర్తుంచుకునే సమయం, 86,400 సెకన్లుంటే (ఒక రోజు), మారడానికి ఒక రోజు ముందే 300కు తగ్గించండి.

• ఎంఎక్స్ రికార్డులు (మీ మెయిళ్లు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవి) రాసిపెట్టుకోండి. లేదంటే మెయిళ్లు ఆగి టెన్షన్.

• కొత్త కంపెనీకి డబ్బు కట్టేముందు, రాత్రిపూట ఒక సాంకేతిక ప్రశ్న అడిగి, జవాబు ఎలా వస్తుందో చూడండి.

• పాత ప్లాన్ వెంటనే రద్దు చేయకండి, ఆటో రెన్యువల్ మాత్రం ఆపేయండి.