పల్లెలో ఒక కుటుంబానికి నేరుగా డబ్బు ఇవ్వాలనుకుంటున్నారా? ఇలా ఇవ్వండి

మేం నలుగురు స్నేహితులం కలిసి మొదటిసారి ఒక పల్లెటూరి కుటుంబానికి సాయం చేసినప్పుడు డబ్బు ఇవ్వలేదు, కుట్టుమిషను కొనిచ్చాం. ఆ ఇంటి ఆవిడకు కుట్టుపని వచ్చా, వచ్చినా ఆ చుట్టుపక్కల బట్టలు కుట్టించుకునేవాళ్లు ఉన్నారా అని ఒక్కరమూ అడగలేదు, మిషను పక్కన నిలబడి ఫొటో మాత్రం దిగాం. ఏడాది తర్వాత వెళ్తే అది మంచం పక్కన పాత దుప్పటి కప్పుకుని కూర్చుంది, పైన మడతపెట్టిన బట్టల దొంతర. కాసేపు మాట్లాడాక తేలిందేమిటంటే ఆ ఇంటికి అప్పుడు కావాల్సింది మిషను కాదు, నెత్తిమీదున్న ఒక అప్పు తీరడం. నెలనెలా కూలి డబ్బులో సగం వడ్డీకే పోతోంది. "మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా" అంటే, "మీరు అంత ప్రేమగా మోసుకొచ్చారు, వద్దంటే ఏం బాగుంటుందండీ" అంది.

అప్పట్నుంచి వస్తువులు మానేసి డబ్బే ఇస్తున్నాం. అయితే డబ్బు ఇవ్వడం కూడా ఊరికే జేబులోంచి తీసి చేతిలో పెట్టినంత తేలిక కాదు. మేం చేసిన తప్పులు, ఇదే పనిని పెద్ద ఎత్తున చేసినచోట తేలిన విషయాలు కలిపి రాస్తున్నాను.

"తాగేస్తారేమో"

ముందు ఈ భయం వదిలించుకోండి, లేకపోతే మిగతాదంతా తప్పుగానే చేస్తారు. డేవిడ్ ఎవాన్స్, అన్నా పొపోవా అనే ఇద్దరు ప్రపంచ బ్యాంకు పరిశోధకులు 2014లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే రకరకాల దేశాల్లో జరిగిన 19 అధ్యయనాలను ముందేసుకుని చూశారు. నగదు సాయం వచ్చాక మందు, పొగాకు మీద ఖర్చు పెరగలేదని తేలింది, కొన్నిచోట్ల తగ్గింది కూడా. ఎక్కడో ఒకడు తాగడా అంటే తాగుతాడు, కాదనను. కానీ వాడు మన డబ్బు రాకముందు కూడా తాగుతూనే ఉన్నాడు.

ఎంత ఇవ్వాలి

ఇక్కడ నాది కాస్త మొండి అభిప్రాయం. పది కుటుంబాలకు తలా కొంచెం పంచడం కన్నా ఒక్క కుటుంబానికి గట్టిగా ఇవ్వడం మేలు. చిన్న మొత్తం ఆ వారం సరుకుల్లో కలిసిపోతుంది, అది తప్పేం కాదు, కానీ బతుకు మారదు. కెన్యాలోని సియాయా కౌంటీలో గివ్‌డైరెక్ట్‌లీ అనే సంస్థ ఒక్కో పేద కుటుంబానికి సుమారు 1,000 డాలర్లు ఇచ్చింది, అది అక్కడ ఒక ఇంటి ఏడాది ఖర్చులో దాదాపు ముప్పావు వంతు. మీరూ ఆ లెక్కనే పట్టుకోండి: ఆ ఇంటికి ఏడాదికి ఎంత ఖర్చవుతుందో అడిగి తెలుసుకుని, కనీసం అందులో సగమైనా ఇవ్వగలరా చూడండి. ఒక్కరి వల్ల కాకపోతే ఐదుగురు కలవండి.

ఒకేసారా, నెలనెలా?

దీని మీద మా నలుగురి మధ్యే పెద్ద గొడవైంది. ఒకేసారి ఇస్తే ఖర్చయిపోతుందని ఒకరు, నెలనెలా ఇస్తే దేనికీ చాలదని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. 2011-13 మధ్య పశ్చిమ కెన్యాలోని రారియెడా ప్రాంతంలో యొహానెస్ హౌస్‌హోఫర్, జెరెమీ షపీరో అనే ఆర్థికవేత్తలు దీన్నే పరీక్షించారు. కొన్ని కుటుంబాలకు డబ్బంతా ఒకేసారి అందింది, కొన్నింటికి తొమ్మిది నెలల పాటు విడతలుగా అందింది, ఎవరికి ఎలా అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. నెలనెలా అందిన ఇళ్లలో తిండి మెరుగైంది. ఒకేసారి అందిన ఇళ్లలో ఎక్కువ కాలం నిలిచే వస్తువులు వచ్చాయి, ముఖ్యంగా ఇంటిమీదికి రేకులు.

రేకులంటే షోకు అనుకోకండి. గడ్డి కప్పు కింద బతికేవాళ్లకు వాన పడిన రాత్రి నిద్ర ఉండదు, ఎక్కడ కారుతుందో చూసుకుని గిన్నెలు పెట్టాలి, పిల్లల పడకను ఈ మూలనుంచి ఆ మూలకు జరపాలి, తెల్లారాక తడిసిన ధాన్యం ఎండబెట్టుకోవాలి. పైగా ఆ గడ్డిని ఏడాదికో రెండేళ్లకో మళ్లీ మార్చాలి, దానికి డబ్బూ కావాలి, పని మానుకున్న రోజులూ పోతాయి. ఒక్కసారి రేకులు వేస్తే ఆ ఖర్చు ఏళ్ల తరబడి తప్పుతుంది, చూరు నీళ్లు పట్టుకుని వాడుకోవచ్చు కూడా. కానీ రేకుల డబ్బు ఒక్కచోట పోగు కావాలంటే కూలి మీద బతికే ఇంట్లో అయ్యే పని కాదు, రూపాయి వెనకేసేలోపు ఎవరికో జ్వరం వస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. పూట గడవడమే కష్టంగా ఉన్న ఇంటికి నెలనెలా ఇవ్వండి. తిండికి లోటు లేదు గానీ అప్పు, ఇల్లు, పశువు, చిన్న వ్యాపారం దగ్గర ఆగిపోయిన ఇంటికి ఒకేసారి ఇవ్వండి. తేల్చుకోలేకపోతే వాళ్లనే అడగండి, ఆ కుట్టుమిషను దగ్గర మేం చేయని పని ఇదే.

నెలనెలా ఇస్తే మాత్రం ఎన్నాళ్లు ఇస్తారో మొదటి రోజే చెప్పండి. కెన్యాలోనే తర్వాత ఇంకో పెద్ద ప్రయోగం జరిగింది: కొందరికి సుమారు 500 డాలర్లు ఒక్కసారి, కొందరికి రెండేళ్లపాటు నెలకు 22.50 డాలర్ల చొప్పున, కొందరికి అదే నెలసరి మొత్తం 12 ఏళ్లపాటు ఇస్తామని మాట. రెండేళ్లయ్యాక చూస్తే రెండేళ్ల వాళ్లకన్నా ఒకేసారి తీసుకున్నవాళ్లు ఎక్కువ వ్యాపారాలు పెట్టారు. చిత్రమేమిటంటే 12 ఏళ్ల మాట అందుకున్నవాళ్లూ బాగా ముందుకెళ్లారు, ఎలాగంటే వాళ్లలో చాలామంది కలిసి చీటీలాంటివి కట్టుకుని, ఒక్కో నెల ఒక్కొక్కరు మొత్తం ఎత్తుకుని, నెలసరి డబ్బును పెద్ద మొత్తంగా మార్చుకున్నారు. వచ్చే నెలా డబ్బు వస్తుందన్న నమ్మకం ఉంటేనే ఎవరైనా చీటీ కడతారు.

ఎవరి చేతికి

ఆడవాళ్లకే ఇవ్వాలని అందరూ అంటారు. 1997లో మెక్సికో మొదలుపెట్టిన ప్రోగ్రెసా పథకం, 2003లో వచ్చిన బ్రెజిల్ బోల్సా ఫమీలియా కూడా ప్రధానంగా తల్లులకే డబ్బు ఇచ్చాయి. మేమూ అదే చేస్తాం. కానీ రారియెడా అధ్యయనంలో భార్యకు ఇచ్చినా భర్తకు ఇచ్చినా ఖర్చు పెట్టిన తీరులో పెద్ద తేడా కనిపించలేదు, కాబట్టి దీన్ని మంత్రంలా పట్టుకోవద్దు. అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న, ఖాతా ఆమె పేరున ఉన్నా కార్డు ఎవరి జేబులో ఉంది, ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, పిన్ ఎవరికి తెలుసు అన్నది. ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పండి, ఆమెకు చాటుగా ఇచ్చి ఇంట్లో తగువు పెట్టకండి.

మొత్తం పంపేముందు చిన్న మొత్తం ఒకటి పంపి, దాన్ని ఆమెనే వెళ్లి తెచ్చుకోమనండి. మేం ఒకసారి ఇలా చేస్తే గానీ తెలియలేదు, డబ్బు తీసుకునేచోటు నడిచి వెళ్తే గంటన్నర దూరం, వెళ్లినా సగం రోజులు అక్కడ నగదు ఉండదు, ఉన్నప్పుడు కూడా డబ్బిచ్చే ఆయన "సర్వీసు చార్జీ" అంటూ కొంత పట్టుకుంటాడు. ఇది ముందే తెలిస్తే దారి వెతకొచ్చు. ఇంకో జాగ్రత్త: సిమ్ము, పిన్ను మీ తరఫు మనిషి చేతిలో ఒక్క రోజు కూడా ఉండకూడదు. 2022లో కాంగోలో గివ్‌డైరెక్ట్‌లీ సొంత సిబ్బందిలోనే కొందరు లబ్ధిదారుల సిమ్ కార్డులతో మోసం చేసి సుమారు 9 లక్షల డాలర్లు మాయం చేశారు, ఆ సంస్థే తర్వాత బయటపెట్టింది. అంత అనుభవమున్న సంస్థలోనే అలా జరిగింది కాబట్టి డబ్బు పంపాక మధ్యవర్తితో కాకుండా నేరుగా ఆ కుటుంబంతో మాట్లాడి, ఎంత అందిందో వాళ్ల నోటితోనే వినండి.

ఏం చెప్పాలి, ఏం అడగకూడదు

ఊరికే వచ్చే డబ్బును చూసి సంతోషిస్తారనుకుంటాం, నిజానికి భయపడతారు. కెన్యాలోని హోమా బే కౌంటీలో ఇదే గివ్‌డైరెక్ట్‌లీ వాళ్లు వెళ్తే చాలామంది డబ్బు వద్దనేశారు, ఇది ఏదో సైతాను పూజ తాలూకు సొమ్మని పుకారు లేచింది. నవ్వొస్తుంది గానీ, ముక్కూ మొహం తెలియనివాళ్లు వచ్చి ఏడాది ఖర్చుకు సరిపడా డబ్బిస్తామంటే మీరైనా నమ్ముతారా? అందుకే వెళ్లగానే ఈ మాటలు సూటిగా చెప్పండి: ఇది అప్పు కాదు, తిరిగి ఇవ్వక్కర్లేదు, ఇంత మొత్తం, ఫలానా తేదీకి వస్తుంది, దీనికి బదులుగా మాకేమీ వద్దు, దీని తర్వాత మళ్లీ ఇవ్వం. ఆ చివరి మాట చెప్పడం కష్టంగా ఉంటుంది, అయినా చెప్పాలి, లేకపోతే వాళ్లు లేని డబ్బును లెక్కలో వేసుకుంటారు.

బిల్లులు అడగొద్దు. బిల్లు అడిగామంటే మనకు నచ్చేవే కొంటారు, మళ్లీ కుట్టుమిషను కథే. టీవీ కొంటే కొననివ్వండి. మేం డబ్బిచ్చిన కుటుంబాల్లో మొదట తీరేది దాదాపు ఎప్పుడూ పాత అప్పే, బయటికి చూపించడానికి ఏమీ ఉండదు, గోడ మీద రంగు కూడా మారదు, కానీ తర్వాతి నెలనుంచి వడ్డీకి పోయే కూలి ఇంట్లోనే ఉంటుంది. మనకు ఫొటో దొరకదు, అంతే.

ఇంట్లో గర్భిణి ఉంటే మాత్రం కాన్పుకు ముందే డబ్బు అందేలా చూడండి, ఈ ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. సియాయాలో నగదు అందిన కుటుంబాల్లో ఏడాదిలోపు పిల్లల మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2025లో వచ్చిన పరిశోధన చెబుతోంది. కారణాలు కూడా అర్థమయ్యేవే, నిండు నెలల్లో తల్లులు కాయకష్టం తగ్గించుకోగలిగారు, ఆసుపత్రిలో కాన్పు చేయించుకోగలిగారు. దగ్గర్లో డాక్టరున్న ఆసుపత్రి ఉన్నచోట ఫలితం ఎక్కువగా కనిపించింది. ఆసుపత్రే లేనిచోట మన డబ్బు ఆసుపత్రి కట్టదు, అది కూడా గుర్తుంచుకోవాలి.

పక్కింటివాళ్ల సంగతి

ఇది చాలామంది మర్చిపోతారు. ఒకరికి ఇచ్చి పక్కింటికి ఇవ్వకపోతే మాటలు పడతాయి, పడేది మనం కాదు, తీసుకున్నవాళ్లు. ఎవరిని ఎందుకు ఎంచుకున్నారో ఊళ్లో ఎవరడిగినా ఒక్క ముక్కలో చెప్పగలిగే నియమం పెట్టుకోండి, "గడ్డి ఇళ్లవాళ్లకు" లాంటిది. నాలుగైదు ఇళ్ల చిన్న వాడైతే అందరికీ ఇచ్చే దారి చూడండి. కొంచెం ఊరట ఏమిటంటే, సియాయాలో 653 గ్రామాలను లెక్కలోకి తీసుకుని చూసినప్పుడు డబ్బు తీసుకోనివాళ్ల ఆదాయమూ పెరిగింది, ఎందుకంటే తీసుకున్నవాళ్లు ఖర్చుపెట్టింది ఆ చుట్టుపక్కలే. ధరలు ఆకాశానికంటుతాయన్న భయముండేది, పెరిగింది సుమారు 0.1 శాతం.

ఆ తర్వాత

అద్భుతాలు ఆశించకండి. ఉగాండాలో 2008లో ప్రభుత్వం యువకుల బృందాలకు పని నేర్చుకుని సొంతంగా నిలబడమని మనిషికి దాదాపు 400 డాలర్ల చొప్పున ఇచ్చింది. నాలుగేళ్లకు వాళ్ల సంపాదన డబ్బు అందనివాళ్లకన్నా 38 శాతం ఎక్కువుంది, తొమ్మిదేళ్లకు అందనివాళ్లూ సంపాదనలో వాళ్లను అందుకున్నారు. అలాగని వృథా అయిందనను, మధ్యలో గడిచిన ఆ ఏళ్లు ఎవరికైనా ఏళ్లే కదా.

ఏడాదయ్యాక ఒక్క ఫోన్ చేయండి చాలు. "ఏం కొన్నారు" అని కాకుండా "ఇంకే నెలలో ఇచ్చుంటే మీకు బాగుండేది" అని అడగండి. మేం ఇలా అడిగిన మొదటి ఇంట్లో ఆయన కాసేపు మొహమాటపడి, విత్తనాలకు ముందు వచ్చుంటే అప్పు తెచ్చేవాణ్ణి కాదండీ అన్నాడు. మేం విత్తనాలు పడిన మూడు వారాలకు పంపాం, మాకు జీతాల్లో బోనస్ వచ్చిన నెల అదని. ఆ తర్వాతి కుటుంబానికి పంపే తేదీ వాళ్లనే చెప్పమన్నాం.