ఆర్ భాషలో తేదీల కత్తిరింపు: మన జిల్లాల వాన లెక్కలతో

వర్షపాతం, నదీ ప్రవాహం వంటి దత్తాంశాలతో ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పని చేసేవారికి గంటల రీడింగులను రోజుకు, రోజులను వారానికో నెలకో కూడగట్టవలసిన అవసరం తరచుగా వస్తుంది. శ్రీకాకుళం జిల్లాలో వంశధార మీది గొట్టా బ్యారేజీ ప్రవాహమైనా, విజయనగరం జిల్లా మండలాల వర్షపాతమైనా, ముందుగా ప్రతి రీడింగు ఏ అవధికి చెందుతుందో తేల్చాలి. తేదీల పనికోసం ఆర్‌కు జతచేసుకునే లూబ్రిడేట్ ప్యాకేజీలో ఇందుకు మూడు ఫంక్షన్లు ఉన్నాయి. ఫ్లోర్_డేట్ తేదీని ఆ అవధి మొదటికి కత్తిరిస్తుంది, అంటే వెనక్కి తెస్తుంది. సీలింగ్_డేట్ తరువాతి అవధి మొదటికి ముందుకు జరుపుతుంది. రౌండ్_డేట్ ఈ రెండింటిలో దగ్గరగా ఉన్నదానికి చేరుస్తుంది, సరిగ్గా నడిమికి వస్తే మాత్రం ముందుకే తీసుకువెళుతుంది.

మొత్తాలు కట్టేటప్పుడు రౌండ్_డేట్‌ను వాడకూడదని నా అభిప్రాయం. జూన్ 16ను నెలకు సర్దమంటే అది జూలై 1 అవుతుంది, ఎందుకంటే ముప్పై రోజుల నెలలో అది సరిగ్గా నడిమి హద్దు. అంటే జూన్ రెండో సగంలో కురిసిన వానంతా జూలై ఖాతాలో పడుతుంది, జూన్‌కు మే చివరి వాన వచ్చి చేరుతుంది. నెలవారీ మొత్తానికి కావలసినది ఫ్లోర్_డేట్ ఒక్కటే. కొన్ని సెకన్లు అటూ ఇటూ నమోదైన యంత్రాల రీడింగులను పదిహేను నిమిషాల గీత మీదికి తేవడానికి రౌండ్_డేట్ బాగా ఉపయోగపడుతుంది.

అయితే కత్తిరించే ముందు కాలమండలాన్ని సరిచూసుకోవాలి. ఎక్కువ తప్పులు పుట్టేది అక్కడే. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున 4:30, 5:30 గంటల మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మన గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది కనుక, ఆ గంట యూటీసీలో అక్టోబర్ 10 రాత్రి 11 నుంచి 12 వరకు అవుతుంది. సమయాలు యూటీసీలో ఉండగానే రోజుకు కత్తిరిస్తే, తుపాను ముందు రోజే తీరం దాటినట్టు పట్టిక చూపుతుంది. దత్తాంశం నిజంగానే యూటీసీలో నమోదై ఉంటే విత్_టీజెడ్ ఫంక్షన్‌తో ఏసియా/కోల్‌కతాకు, అంటే మన కాలమండలానికి, మార్చాలి. మన గడియారపు సమయాన్నే నమోదు చేసి, చదివేటప్పుడు ఆర్ దానికి యూటీసీ ముద్ర వేసి ఉంటే ఫోర్స్_టీజెడ్ వాడాలి. మొదటిది క్షణాన్ని అలాగే ఉంచి గడియారాన్ని మారుస్తుంది, రెండోది గడియారాన్ని అలాగే ఉంచి క్షణాన్ని మారుస్తుంది. యాజ్.డేట్‌తో సమయాన్ని తేదీగా మార్చేవారు కూడా కాలమండలాన్ని చెప్పే టీజెడ్ ఆర్గ్యుమెంటును స్పష్టంగా రాయడం మేలు. పాత ఆర్‌లో అది చెప్పకపోతే యూటీసీనే తీసుకునేది.

వాన లెక్కలో మరొక మెలిక ఉంది. వాతావరణ శాఖ వర్షపు రోజు అర్ధరాత్రితో కాక ఉదయం 8:30తో ముగుస్తుంది. ఆ వేళకు ముగిసిన 24 గంటల వానను ఆ ఉదయపు తేదీ కిందే రాస్తారు. అందువల్ల ప్రతి సమయం నుంచి ఎనిమిదిన్నర గంటలు తీసివేసి, ఆ ఫలితాన్ని సీలింగ్_డేట్‌తో రోజుకు జరపాలి. అక్టోబర్ 11 ఉదయం 5 గంటల రీడింగు ఇలా 10వ తేదీ రాత్రి 8:30గా మారి, అక్కడి నుంచి 11కు చేరుతుంది. సరిగ్గా 8:30 రీడింగు అర్ధరాత్రి హద్దు మీద పడుతుంది. సమయ విలువలను హద్దు మీద ఉంటే సీలింగ్_డేట్ కదపదు కనుక అది కూడా 11లోనే నిలుస్తుంది. రీడింగు పక్కన రాసిన సమయం గంట ముగింపును సూచిస్తేనే ఈ పద్ధతి సరిపోతుంది.

సమయం లేని కేవల తేదీ విషయంలో ఈ మర్యాద తలకిందులవుతుంది: హద్దు మీద ఉన్న తేదీని సీలింగ్_డేట్ తరువాతి హద్దుకు నెట్టేస్తుంది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తరువాత వచ్చే మంగళవారం జరుగుతుంది. 2024 విజయదశమి తేదీ అయిన అక్టోబర్ 12ను, వీక్_స్టార్ట్ (వారం మొదలయ్యే రోజు) విలువ 2గా, అంటే మంగళవారంగా, పెట్టి, వారానికి ముందుకు జరిపితే అక్టోబర్ 15 వస్తుంది. దశమే మంగళవారం పడితే ఆపై మంగళవారం వస్తుంది. అదే రోజు కావాలంటే చేంజ్_ఆన్_బౌండరీని ఫాల్స్‌గా పెట్టాలి. వీక్_స్టార్ట్ చెప్పకపోతే లూబ్రిడేట్ వారాన్ని ఆదివారంతో మొదలుపెడుతుంది, మూల ఆర్‌లోని కట్ ఫంక్షన్ సోమవారంతో మొదలుపెడుతుంది. రెండూ ఒకే ప్రోగ్రాములో కలిస్తే వారపు పట్టికలు పొసగవు. పైగా కట్ ఇచ్చేది తేదీ కాదు, ఫ్యాక్టర్ (వర్గాల పేర్ల రూపం). దానితో తేదీల లెక్క చేయబోతే మళ్లీ మార్చుకోవాలి.

జూన్ 1న మొదలయ్యే నీటి సంవత్సరానికి నేరుగా అవధి లేదు. ముందుగా తేదీని నెల మొదటికి కత్తిరించి, అయిదు నెలలు వెనక్కి జరిపి, సంవత్సరానికి కత్తిరించి, తిరిగి అయిదు నెలలు కలపాలి. 2019 మే 31 ఇలా 2018 జూన్ 1కి చేరుతుంది. మొదటి మెట్టును వదిలేస్తే జూలై 31 నుంచి అయిదు నెలలు తీసినప్పుడు లేని ఫిబ్రవరి 31 వచ్చి, ఫలితం ఎన్ఏ (విలువ లేదని చెప్పే గుర్తు) అవుతుంది. ఆ వరుస మొత్తంలోంచి జారిపోయినా సందేశమేమీ కనబడకపోవచ్చు.