డర్ట్ బైక్‌కు నంబర్ ప్లేట్: హైదరాబాద్‌లో ఏ బండికి వస్తుంది, ఎలా తెచ్చుకోవాలి

మట్టిలో తిరిగే బండి కొనేవాళ్లు ముందు సస్పెన్షన్ నొక్కి చూస్తారు, తర్వాత సీటెక్కి కాళ్లు అందుతున్నాయో లేదో చూస్తారు. పేపర్లు అడిగేది బేరం కుదిరాకే. ట్రాక్ మీద మాత్రమే తిప్పే బండికైతే ఫర్వాలేదు. అదే బండిని మియాపూర్ నుంచి ఆఫీసుకు కూడా వేసుకెళ్లాలంటే మాత్రం ముందు పేపర్లు చూడాలి, బండి సంగతి తర్వాత. ఇంజిన్ పాడైతే బాగు చేయించుకోవచ్చు. లేని పేపరును ఎవరూ పుట్టించలేరు.

మన దేశంలో నంబర్ మీ ఒక్క బండికి కాదు, ముందు ఆ మోడల్‌కు అర్హత రావాలి. కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 126వ నియమం ప్రకారం కంపెనీ తన మోడల్‌ను పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి సంస్థల్లో పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకోవాలి. ఆ ఆమోదం ఉంటేనే ప్రతి బండికీ ఫారం 22, అంటే రోడ్డుకు పనికొస్తుందన్న సర్టిఫికెట్, ఇవ్వగలదు. డీలర్ ఫారం 21 మీద అమ్మకం సర్టిఫికెట్ ఇస్తాడు. ఈ రెండూ జతచేసి ఫారం 20 పెడితేనే ఆర్టీఏ ఆ దరఖాస్తును చూస్తుంది.

కవాసాకి కేఎక్స్ 250, కేఎక్స్ 450, కేఎల్ఎక్స్ 110, 140, సుజుకి ఆర్ఎం-జెడ్ 250, 450 లాంటివి ఇక్కడ ట్రాక్ కోసమే అమ్మిన బళ్లు. వాటికి ఇన్వాయిస్ ఉంటుంది, కస్టమ్స్ కాగితం కూడా ఉండొచ్చు, ఫారం 22 మాత్రం ఉండదు. హెడ్‌లైట్, ఇండికేటర్లు, హారన్, అద్దాలు అన్నీ బిగించినా ఆర్టీఏ దగ్గర ఆ బండికి దారి లేదు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో ఇలా సామాన్లు బిగించి తనిఖీ చేయించుకుంటే రోడ్డు టైటిల్ ఇస్తారు. యూట్యూబ్‌లో కనిపించే వీడియోలు చాలావరకు ఆ పద్ధతివే. వాటిని చూసి లైటింగ్ కిట్ మీద డబ్బు పోయకండి.

ఇక్కడే ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "ఎక్కడో దూర రాష్ట్రం పేపర్లు చేయించి ఇస్తాం" అంటూ ట్రాక్ బండి అమ్మేవాళ్లు తగులుతారు. వాళ్లు చూపించే ఆర్సీ వేరే ఏదో పాత బైక్‌ది అయి ఉంటుంది, లేదా ఆ నంబర్ ఈ ఫ్రేము మీద కొత్తగా పంచ్ చేసి ఉంటుంది. అది ఫోర్జరీ. బండి పోలీస్ స్టేషన్‌కు పోతుంది, కేసు కొన్నవాడి మీదా పడుతుంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మోటారు వాహనాల చట్టం 192వ సెక్షన్ కింద మొదటిసారి 5,000 రూపాయల దాకా జరిమానా, అది తేలిక భాగం. ఎవరినైనా గుద్దితే ఏ ఇన్సూరెన్సూ ఆదుకోదు. పరిహారం మీ ఇంటి మీదికి, మీ జీతం మీదికి వస్తుంది. ట్రాక్ బండి కావాలనుకుంటే పికప్‌లో వేసుకుని ట్రాక్‌కు తీసుకెళ్లండి, ఇన్వాయిస్ జిరాక్స్ వెంట ఉంచుకోండి. అది సరైన పద్ధతి.

రోడ్డుకూ మట్టికీ పనికొచ్చేవి వేరే ఉన్నాయి. హీరో ఎక్స్‌పల్స్ 200, దాని 4వీ, 210, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, కేటీఎం 390 ఎండ్యూరో ఆర్, కవాసాకి కేఎల్ఎక్స్ 230. పాత బళ్లలో 2011లో వచ్చిన హీరో ఇంపల్స్‌కు ఇప్పటికీ అభిమానులున్నారు. కవాసాకి పేర్లతో జాగ్రత్త: కేఎల్ఎక్స్ 230 రోడ్డు బండి, కేఎల్ఎక్స్ 230ఆర్ ఎస్ ట్రాక్ బండి. సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో ఈ చివరి అక్షరాలు వదిలేస్తుంటారు. కొత్తదైతే షోరూమ్ వాళ్లే రిజిస్ట్రేషన్ చూసుకుంటారు, మీరు ఫారం 21లోని ఛాసిస్ నంబర్ ఫ్రేముతో సరిపోల్చుకుంటే చాలు. ఎక్కడైనా "ఇంకా రిజిస్టర్ కాని" బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణాల) బండి చవగ్గా ఇస్తామంటే వద్దనండి. సుప్రీంకోర్టు ఉత్తర్వుతో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్4 బళ్ల అమ్మకం, మొదటి రిజిస్ట్రేషన్ రెండూ ఆగిపోయాయి. అంతకుముందే ఆర్సీ వచ్చిన బీఎస్4 బండికి ఆ ఇబ్బంది లేదు.

ఇక అసలు పని. మంచి ట్రెయిల్ బళ్లు, అంటే ఇలా రోడ్డుకూ మట్టికీ పనికొచ్చేవి, చాలాసార్లు బెంగళూరులోనో పుణెలోనో దొరుకుతాయి. కేఏ, ఎంహెచ్ నంబర్ బండిని టీజీ నంబర్‌కు మార్చడం కష్టమైన పనేం కాదు, వరుస తప్పితేనే తిప్పలు. బండి ఏ రాష్ట్రంలో రిజిస్టర్ అయినా మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబర్ తీసుకోవాలని 47వ సెక్షన్ చెబుతుంది. సంవత్సరం టైముందని ఊరుకోకండి. రోడ్డు మీద తనిఖీలో ముందు అడిగేది లైఫ్ ట్యాక్స్ గురించే. బండి తెలంగాణలోకి ఎప్పుడొచ్చిందో చూపించే కాగితం దగ్గర ఉంచుకోండి. జాతీయ రహదారి టోల్ గేట్ల దగ్గర బైకులకు రుసుము లేదు కాబట్టి టోల్ రసీదు ఉండదు. రైలు పార్సిల్ రసీదో, దారిలో పెట్రోల్ బంకు బిల్లులో ఉపయోగపడతాయి. పార్సిల్‌లో వేస్తే ట్యాంకు పూర్తిగా ఖాళీ చేయాలి, ఆర్సీ, గుర్తింపు కార్డు జిరాక్స్‌లు ఇవ్వాలి.

అమ్మేవాడికి పూర్తి డబ్బు ఇవ్వకముందే అతని ఊళ్లో జరగాల్సినవి ఇవి. బండి మీద లోన్ ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఫారం 35 తెచ్చి ఆర్సీలో హైపోథికేషన్ (బండి తాకట్టులో ఉందన్న నమోదు) తీయించాలి. లోన్ కట్టేశానన్న మాట సరిపోదు, ఆర్సీలో ఆ నమోదు పోవాలి. చలాన్లు అన్నీ కట్టించాలి. తర్వాత ఫారం 28 మీద అక్కడి రవాణా ఆఫీసు ఎన్‌ఓసీకి అతనే దరఖాస్తు చేయాలి. ఇది మూడు ప్రతుల్లో ఉంటుంది, ప్రతిదానిపైనా ఛాసిస్ నంబర్ పెన్సిల్ ప్రింట్ (నంబర్ మీద పెన్సిల్ రుద్ది తీసే అచ్చు) అంటించాలి. ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30 మీద అతని సంతకాలు కావాలి. ఆ సంతకాలు పాత ఆర్సీ, ఆధార్ మీద ఉన్న సంతకంలాగే ఉండాలి. బండి ఇచ్చేశాక ఒక సంతకం కోసం మళ్లీ బెంగళూరు వెళ్లడం కంటే అక్కడే రెండు సెట్లు అదనంగా పెట్టించుకోవడం నయం. బండి దొంగది కాదని చూపే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) రిపోర్టును డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో మీరే తీసుకోవచ్చు. డబ్బు ఇవ్వకముందే తీసుకోండి.

ఎన్‌ఓసీలో ఏ ఆఫీసు పేరు రాయిస్తున్నారో చూసుకోండి. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. "హైదరాబాద్" అని రాయించుకుని వస్తారు, ఉండేది గచ్చిబౌలిలో. ఆఫీసులకు నంబర్ కోడ్‌లు ఇవి: ఖైరతాబాద్ 09, సికింద్రాబాద్ వైపు తిరుమలగిరి 10, మలక్‌పేట 11, టోలిచౌకి 13. గచ్చిబౌలి, కొండాపూర్ వైపువాళ్లది రంగారెడ్డి జిల్లా, కోడ్ 07. ఉప్పల్ మేడ్చల్ జిల్లా కింద, 08. మీ చిరునామా రుజువు మీద ఏముందో దాన్ని బట్టే ఆఫీసు. అద్దె ఇల్లయితే ముందు అగ్రిమెంటో, ఆధార్‌లో చిరునామా మార్పో చూసుకుని, ఆ తర్వాతే ఎన్‌ఓసీ రాయించండి. ఇంకో విషయం: తెలంగాణ చాలా కాలం కేంద్రం వాహన్ సాఫ్ట్‌వేర్‌లో చేరకుండా సొంత పద్ధతిలో నడిచింది. అందుకే ఆన్‌లైన్‌లో ఎన్‌ఓసీ వచ్చేసిందని సరిపెట్టుకోకుండా, సంతకం, ముద్ర ఉన్న అసలు కాగితం చేతికి తీసుకోండి.

ఇప్పుడు ఛాసిస్ నంబర్. ట్రెయిల్ బళ్ల రీ-రిజిస్ట్రేషన్‌ను అన్నిటికంటే ఎక్కువగా ఆపేది ఇదే. ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి వాటిలో నంబర్ హ్యాండిల్ కింద, స్టీరింగ్ మెడ మీద పంచ్ చేసి ఉంటుంది. హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పి టార్చ్ వేసి చూడండి. సిటీ బండికి అక్కడ దుమ్ము పడుతుంది. మట్టిలో తిరిగిన బండికైతే బురద గట్టిపడి, దాని కింద తుప్పు పట్టి ఉంటుంది. క్లచ్ కేబుల్, వైరింగ్ అదే చోట రాసుకుని రెండు మూడు అంకెల అంచులు అరిగి ఉంటాయి. ఇంకా ప్రమాదం ఏంటంటే, కింద పడి గీతలు పడ్డ ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వేయిస్తారు. పైకి బండి కొత్తదిలా మెరుస్తుంది, నంబర్ గాట్లు మాత్రం రంగుతో నిండిపోతాయి.

శుభ్రం చేయడానికి పాత టూత్‌బ్రష్, కాస్త కిరోసిన్ చాలు. పది నిమిషాలు నాననిచ్చి నెమ్మదిగా రుద్దండి. ఎమరీ పేపర్, వైర్ బ్రష్, గ్రైండర్ దగ్గరికి రానివ్వకండి. అంకెల చుట్టూ గీతలు కనబడితే నంబర్ దిద్దారన్న అనుమానం మొదలవుతుంది, అది పోగొట్టడం చాలా కష్టం. నంబర్ మీద పౌడర్ కోటింగ్ ఉంటే ఆ కొంచెం మేరకే పెయింట్ రిమూవర్ పూసి గుడ్డతో తుడవాలి. ఆరాక పారదర్శకమైన సెల్లో టేప్ అంకెల మీద గట్టిగా అంటించి, మెత్తటి పెన్సిల్‌తో పడుకోబెట్టి రుద్దితే ప్రింట్ వస్తుంది. నాలుగైదు తీసి, స్పష్టంగా వచ్చినవి దాచండి.

ఆ ప్రింట్‌ను ఆర్సీ పక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. మొత్తం 17 ఉండాలి. హీరో బండి ఎంబీఎల్‌తో, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఎంఈ3తో మొదలవుతుంది. ఐ, ఓ, క్యూ అక్షరాలు ఈ నంబర్లలో వాడరు, కాబట్టి గుండ్రంగా కనిపించేది సున్నా అయినా కావాలి, డీ అయినా కావాలి. 8కి బీ, 5కి ఎస్ టైపయిన ఆర్సీలు ఉంటాయి. అలాంటి తప్పును పాత రాష్ట్రంలో, ఎన్‌ఓసీకి ముందే సరిచేయించాలి. ఇక్కడికొచ్చాక ఇక్కడి ఇన్‌స్పెక్టర్ దాన్ని దిద్దలేరు, వెనక్కి పంపుతారు. ఇంజిన్ నంబర్ కూడా ఇలాగే చూడండి. ట్రెయిల్ బళ్లకు క్రాంక్ కేసు (ఇంజిన్ కింది లోహపు గూడు) రాయికి తగిలి పగలడం మామూలే. మార్చిన కేసు మీద నంబర్ ఉండదు, లేదా వేరే నంబర్ ఉంటుంది. అది ఆర్సీలోకి ఎక్కించి లేకపోతే ఆ బండి వదిలేయండి.

తనిఖీకి వెళ్లేముందు బండిని కంపెనీ రూపానికి తేవాలి. 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు, కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా మార్పులు చేయకూడదు. చేస్తే 182ఏ కింద ఒక్కో మార్పుకు 5,000 జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు. కొనేటప్పుడే అసలు సైలెన్సర్, వెనక మడ్‌గార్డ్, ఇండికేటర్లు, అద్దాలు, చీర గార్డ్, వెనక కూర్చునేవాళ్లు పట్టుకునే హ్యాండిల్, రిఫ్లెక్టర్లు అడిగి తీసుకోండి. గ్యారేజీ మూలన పడేసిన వాటిని అమ్మేవాళ్లు ఊరికే ఇచ్చేస్తారు, తర్వాత ఒక్కొక్కటీ కొనాలంటే బరువే. టైరు పక్కన "నాట్ ఫర్ హైవే సర్వీస్" అని అచ్చయి ఉంటే అది మట్టి టైరు, రోడ్డు టైర్లు వేయించండి. స్టిక్కర్లతో బండి రంగే మారిపోయి ఉంటే పీకేయండి, ఆర్సీలో రాసిన రంగు కనబడాలి. కార్బ్యురేటర్ బండికి పెద్ద జెట్ (పెట్రోల్ వదిలే చిన్న రంధ్రపు ముక్క) వేసి ఉంటే పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ చూపిస్తుంది. పాత జెట్ వేయించి, ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజిన్ పది నిమిషాలు వేడెక్కాకే పరీక్షకు పెట్టండి.

తెలంగాణ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకుని, ఆ రోజు బండితో సహా వెళ్లాలి. ఎన్‌ఓసీ అసలు, ఆర్సీ అసలు, కొత్త మార్కుకు (అంటే కొత్త నంబర్‌కు) ఫారం 27, యజమాని మారుతున్నారు కాబట్టి 29, 30, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఎన్‌సీఆర్‌బీ రిపోర్టు, చిరునామా రుజువు, ఆధార్, పాన్, ఫోటోలు, పెన్సిల్ ప్రింట్లు. అన్నిటికీ రెండేసి జిరాక్స్‌లు. బండి కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్‌ను మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

ఫీజులు పెద్దవి కావు. కేంద్ర నియమాల్లో బైక్ కొత్త మార్కుకు 300 రూపాయలు, పేరు మార్పుకు అందులో సగం, పైన కార్డు, సర్వీసు ఛార్జీలు. అసలు బరువు లైఫ్ ట్యాక్స్. బండి మొదటి ధర, దాని వయసు బట్టి లెక్క కడతారు. మొదటి ఇన్వాయిస్ ఉంటే ధర గురించి చర్చ ఉండదు, అందుకే అమ్మేవాడి దగ్గర అది తప్పక తీసుకోండి. 2025 ఆగస్టులో తెలంగాణలో రేట్లు మారి లక్ష దాటిన బైకులకు ట్యాక్స్ పెరిగింది. పాత లెక్కలు పట్టుకుని బేరమాడకండి, స్లాట్ బుక్ చేయకముందే ఇప్పటి రేటు చూసి ఆ మొత్తాన్ని బండి ధరలో కలుపుకోండి. ఇంపల్స్ లాంటి పాత బండికి ఇంకో లెక్కుంది: ఆర్సీ 15 ఏళ్లే చెల్లుతుంది. 2012లో రిజిస్టరైన బండి 2027లో ఫారం 25తో రెన్యువల్‌కు రావాలి, గడువుకు 60 రోజుల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. తుప్పు పట్టిన ఫ్రేము, ఆయిల్ కారే ఫోర్కులు ఉంటే అక్కడ ఆగిపోతుంది.

టీజీ నంబర్ వచ్చాక హై సెక్యూరిటీ ప్లేటు బుక్ చేయండి. ముందుది 285 x 45 మిల్లీమీటర్లు, వెనకది 200 x 100. టెయిల్ టైడీ (వెనక ప్లేటుకు పెట్టే పొట్టి బ్రాకెట్) పెట్టి వెనక ప్లేటును టైరు మీదికి వంచితే మట్టిలో మొదటి గుంతకే టైరు తగిలి విరుగుతుంది. కంపెనీ బ్రాకెట్ మీదే, వెనక రబ్బరు వాషర్లు వేసి బిగించండి. కొత్త ఆర్సీ చేతికి రాగానే ఛాసిస్ నంబర్ మళ్లీ ఒకసారి ఆ పెన్సిల్ ప్రింట్‌తో సరిచూసి, జిరాక్స్ జతచేసి పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ దరఖాస్తు పెట్టండి. ట్యాక్స్ కట్టిన పాత రసీదు, ఎన్‌ఓసీ జిరాక్స్, బ్యాంకు ఖాతా వివరాలు అడుగుతారు. కట్టింది పాత యజమాని కాబట్టి, రీఫండ్ ఎవరికి చెందాలో బండి కొనేనాడే కాగితం మీద రాయించుకుని ఉండాలి.